మొదటి మంద మా చేనికే

మా ముత్తాత రంగారావు గారు నిజాం సర్కారు వారి మక్తాదారు. రాజురాకు దక్షిణాన ఎర్రగుట్ట, గుట్ట కింది మూడు ఊళ్ళు, వాగు ఒడ్డు దాకా నల్లరేగడి ఆయన చేతి కింద ఉండేవి. సర్కారుకు ఏటా కట్టవలసింది కట్టి, తక్కిన వ్యవహారమంతా నోటి మాట మీద నడిపించేవారు. మా తాత నరసింగరావు గారి కాలంలో తహసీల్దారు మా దర్వాజా ముందు గుర్రం దిగి నడిచి లోపలికి వచ్చేవాడు. మా వాకిటి ముందు నుంచి పోయేవాళ్ళు చెప్పులు చేతపట్టుకునేవారు. గొప్ప కోసం రాయడం లేదు. ఉన్న సంగతి రాస్తున్నాను. మా నాన్న మాధవరావు గారి చేతికి మక్తా వచ్చిన కొద్ది ఏళ్ళకే నిజాం రాజ్యం పోయింది, దాని వెంట మక్తా పోయింది. గుట్ట జంగ్లాతు వాళ్ళది, అంటే అడవిశాఖది అయింది. మాకు పట్టా భూములు మిగిలాయి. మాట కూడా మిగిలిందని మేం అనుకున్నాం.

పోయిన నెల రాజురా బస్‌స్టాండులో ఒకామె నా ముందుకు వచ్చి నిలబడి, "చిన్నదొర గదా మీరు?" అంది. నాకు అరవై దగ్గరపడ్డాయి. ఆ పిలుపు విని చాలా కాలమైంది. ఆమె మా ఊరి గొర్రెలకాపరి కూతురు. కొడుకు పనిచేసే చంద్రపూర్ థర్మల్ కేంద్రం కాలనీ, ఊర్జానగర్‌లో ఉంటోందట. తండ్రి ఈ వానకాలం మొదట్లో పోయాడని చెప్పింది. "మిమ్మల్ని మస్తు తల్సుకుంటుండె" అంది. ఏమని తలచుకునేవాడని అడిగాను. ఆమె నవ్వింది. కొంగు సర్దుకుని చంద్రపూర్ బస్సెక్కింది.

ఆ నవ్వు అచ్చం తండ్రిదే. పెదవులు విడవకుండా, ఎదుటివాడి గురించి ఏదో తెలిసి దాచుకున్నట్టు నవ్వేవాడు. నేనెక్కవలసిన బస్సు వచ్చి పోయింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

అతను కురుమ. అతని తాతలు మా తాతల కాలం నుంచి ఎర్రగుట్ట మీద గొర్రెలు మేపేవారు. పొట్టి మనిషి. ఎండాకాలంలో కూడా భుజాన గొంగడి. మా వాకిట్లోకి వచ్చాడంటే చేతికర్రను పెంటకుప్పలో నిలువుగా గుచ్చి, చేతులు రెండూ నడుం వెనక పెట్టుకుని నిలబడేవాడు. ఎవరైనా చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చేదాకా నోరు విప్పేవాడు కాదు. నీళ్ళు తాగాడా, ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. మా ఇంట్లో నాన్న ముందు గొంతు పెంచకుండా, భయపడకుండా హాస్యమాడిన మనిషి అతనొక్కడే. ఒకసారి నాన్న మీసం వైపు చూసి, దాన్ని చూస్తే తన పెద్ద పొట్టేలు కొమ్ములు దాచుకుంటుందన్నాడు. నాన్న నవ్వాపుకోవడానికి దగ్గవలసి వచ్చింది. మంద దగ్గర పడ్డప్పుడల్లా గొర్రెల వాసన ఇంట్లోకి కొడుతోందని అమ్మ విసుక్కునేది. "ఈ వాసన లేకుంటె మీ ఇంట్ల జొన్నరొట్టె వాసన ఉండది దొరసానీ" అనేవాడు. అమ్మ లోపలికి పోయి గట్క తెచ్చి పోసేది.

గొర్రెలను ఎంచేవాడు కాదు. ఎంచితే తగ్గుతాయని వాళ్ళ నమ్మకం. ఎన్ని ఉన్నాయిరా అని ఎవరైనా అడిగితే, "ఉన్నయి, పోయినయి పోంగ" అనేవాడు. ఇంకా గుచ్చి అడిగితే మాట మార్చేవాడు. నేను హైదరాబాదులో చదువు ముగించి వచ్చిన కొత్తలో, బూట్లు వేసుకుని మందలోకి పోయి సరదాగా వేలితో ఎంచడం మొదలుపెట్టాను. అతను వచ్చి నాకూ గొర్రెలకూ మధ్య నిలబడ్డాడు. ఆ బూట్లు చూసి గొర్రెలు నన్ను పోలీసువాడనుకుంటున్నాయని, నేను అవతలికి పోతే అవి మేత ముడతాయని మర్యాదగానే చెప్పాడు.

మాకూ అతనికీ ఉన్న ఏర్పాటు ఇది. వానకాలంలో నల్లరేగడి మీద నీళ్ళు నిలిచి, ఆ బురదలో గొర్రెల గిట్టలు కుళ్ళుతాయి. పైగా చేలలో పైరు ఉంటుంది. అప్పుడు మందకు దిక్కు గుట్టే. ఎర్ర మొరం నేల, నీరు నిలవదు, గడ్డి పొట్టిగా గట్టిగా ఉంటుంది. మృగశిర కార్తెలో మొదటి మంచి వాన పడ్డ మర్నాడు అతను మా వాకిట్లో కర్ర గుచ్చేవాడు. "దొరా, గుట్టకు తోలుతున్న" అనేవాడు. "తోలుకో" అనేవారు నాన్న. అంతే. మేతకు పుల్లరి లేదు, కాగితం లేదు. మా తాత అతని తండ్రితో అన్నదీ, ముత్తాత అతని తాతతో అన్నదీ ఆ ఒక్క మాటే. దానికి బదులుగా పుష్యంలో జొన్న కోసి చేలు ఖాళీ కాగానే మొదటి మంద మా చేలో పడాలి. తడకలు కట్టి రాత్రంతా గొర్రెలను అందులో ఆపి, పొద్దున తడకలను ఒక పట్టీ పక్కకు జరిపేవాడు. అట్లా వాగొడ్డు చేనంతా తిరిగాకే ఇతరుల చేలకు పోయేవాడు. వాళ్ళు జొన్నలు కొలిచి ఇచ్చేవారు. మా దగ్గర గింజ తీసుకునేవాడు కాదు. "గొర్రె నోటితోటి తీసుకుంటది, తోక కింద తీరుస్తది" అని అతని సామెత. మా చేనికి ఎరువు కొన్నదీ లేదు, పంట తప్పిందీ లేదు.

మక్తా పోయినప్పుడు గుట్ట మీద మాట కూడా పోవాలి. పోలేదు. ఎందుకంటే గుట్టకు కాపలా ఉన్న జంగ్లాతు జవాను పాత కాలపు మనిషి. మా అరుగు మీద చాయ్ తాగేవాడు, నాన్నకు సలాం చేసేవాడు, మా పేరు చెప్పి ఎక్కిన మందను చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. గుట్ట ఇప్పుడు మాది కాదని కాపరికి నాన్న చెప్పలేదు. ఒక గొర్రెలకాపరి ముందు నిలబడి నా మాట ఇక నడవదు అని చెప్పడం మా ఇంట్లో ఎవరికీ తెలియని విద్య. అట్లా కొన్నేళ్ళు గడిచాయి. మాది కాని గుట్టను మేం ఇస్తూనే ఉన్నాం, దానికి బదులు మంద పెట్టించుకుంటూనే ఉన్నాం.

తర్వాత రాష్ట్రాలు భాషల వారీగా మారాయి. మా రాజురాను హైదరాబాదు నుంచి విడదీసి బొంబాయి రాష్ట్రంలో కలిపారు. మొదట నాందేడ్ జిల్లా అన్నారు, ఆ తర్వాత చాందా, అంటే ఇప్పటి చంద్రపూర్ అన్నారు. కచేరీలో ఉర్దూ పోయి మరాఠీ వచ్చింది. పాత జవానును ఆసిఫాబాదు వైపు బదిలీ చేశారు. పోయే ముందు మా ఇంటికి వచ్చి, వార్ధా నది అవతలి నుంచి కొత్తవాళ్ళు వస్తున్నారనీ, వాళ్ళకు ఇక్కడ ఎవరు ఎవరో తెలియదనీ, ఈసారి మందను గుట్ట ఎక్కనివ్వకండనీ నాన్నకు ఉర్దూలో మెల్లగా చెప్పాడు. నాన్న తల ఊపారు. అతనికి పంచె పెట్టి పంపించారు.

ఆ ఏడు మృగశిర వాన పడ్డ మర్నాడు కర్ర పెంటకుప్పలో గుచ్చుకుంది. అమ్మ నీళ్ళిచ్చింది. నేను అరుగు మీద పేపరు చదువుతున్నాను.

"దొరా, గుట్టకు తోలుతున్న" అన్నాడు.

అమ్మ గడప దగ్గర నుంచి నాన్న వైపు చూసింది. నాన్న పడక్కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నారు. ఆ వాకిట్లో ఆ మాటకు మూడు తరాలుగా ఇంకో జవాబు వచ్చి ఉండలేదు.

"తోలుకో" అన్నారు.

శ్రావణంలో ముసురు పట్టి ఉన్న ఒకనాడు, మంద మొత్తాన్ని పట్టుకుపోయి రాజురా బందెలదొడ్డిలో పెట్టారని కబురు వచ్చింది. నాన్న అన్నం ముందు నుంచి లేచారు. తాను వెళ్ళి కొత్త జవాను ఎదుట చేతులు కట్టుకుని నిలబడలేరు. జుర్మానా డబ్బు రుమాల్లో కట్టి నన్ను పంపారు. దారి పొడుగునా నేను ఒక మరాఠీ వాక్యం కూడబలుక్కుంటూ పోయాను. ఈ మంద మా అనుమతి మీద ఎక్కింది, మేం ఫలానావాళ్ళం, తప్పేదైనా ఉంటే మాది అని చెప్పాలని. ఆ వాక్యం బాగా కుదిరిందని కూడా అనుకున్నాను.

బందెలదొడ్డిలో చీలమండ దాకా బురద. గొర్రెలు ఒకదాని మీద ఒకటి తలలు పెట్టి నిలబడ్డాయి. గోడ వార చచ్చిన గొర్రెపిల్లలను వరసగా పెట్టి ఉంచారు, వాటి మీద అతని గొంగడి కప్పి ఉంది. అతను పైన ఏమీ కప్పుకోకుండా వానలో నిలబడ్డాడు. జవాను కుర్రవాడు, చెడ్డవాడేం కాదు. తలకింత అని జుర్మానా కాబట్టి గొర్రెలెన్ని అని అడిగాడు. కాపరి చెప్పలేదు. జవాను విసుక్కుని, తడక తీయించి, ఒక్కొక్కటీ బయటికి వస్తుంటే కర్రతో తడుతూ తానే పైకి ఎంచడం మొదలుపెట్టాడు. అతను గోడ వైపు తిరిగి, చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, లెక్క వినపడకుండా ఏదో పాట మూలగడం మొదలుపెట్టాడు. దొడ్డి మున్షీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఎంచడం అయ్యాక, ఎవరిని అడిగి గుట్ట ఎక్కించావని జవాను అడిగాడు. నేను గొంతు సవరించుకున్నాను. నా వాక్యం నాలుక మీదికి వచ్చింది.

అతను నా వైపు చూడనైనా లేదు. "ఎవ్వల్ని అడగలే. నేనే తోలిన" అన్నాడు. జవానుకు అర్థం కాలేదేమోనని వచ్చీరాని మరాఠీలో మళ్ళీ అదే చెప్పాడు.

నేను జుర్మానా కట్టాను. నా వాక్యం ఎవరికీ అక్కరలేకపోయింది.

తిరుగు దారిలో గొర్రెలు కుంటుతూ నడిచాయి. మా పేరు ఎందుకు చెప్పలేదని చివరికి నేనే అడిగాను. నన్ను కాపాడాడని అనుకుని, అందుకు కొంచెం కోపంగా కూడా అడిగాను.

"మీ పేరు చెప్తె ఆడు నవ్వుతుండె చిన్నదొరా" అన్నాడు. "మీ మాట చెల్లదని ఆని నోటెంట నేనెందుకినాలె? మీ మాట చెల్లకుంటె మా తాత పెట్టిన మంద, మా నాయిన పెట్టిన మంద అంత గాలికి పోయినట్టే గద."

కొంచెం ఆగి, ఆ పెదవులు విడవని నవ్వు నవ్వి, "దొరకు ఎరికేనా, చెల్లదని?" అన్నాడు.

నేను తల దించుకుని నడిచాను. అదే అతనికి చాలింది.

ఇంటికి వచ్చి నాన్నకు జరిగింది జరిగినట్టు చెప్పాను, అతను చివర అడిగిన ప్రశ్న తప్ప. అయినా నాన్నకు అది వినపడినట్టే ఉంది. ఆ వానకాలమంతా ఆయన దర్వాజా దాటి బయటికి పోలేదు. గిట్టలు కుళ్ళి అతని మందలో చాలా పోయాయని ఊళ్ళో అనుకున్నారు. మిగిలినవాటిని పెనుగంగ వైపు చుట్టాల ఊళ్ళకు తోలుకుపోయి ఎట్లాగో కాపాడుకున్నాడు.

పుష్యంలో, జొన్న కోసిన వారానికే, వాగొడ్డు చేలో తడకలు లేచాయి. ఎవరూ పిలవలేదు. మంద చిన్నదయింది కాబట్టి తడకల లోపల ఖాళీ చాలా కనిపించింది. నాన్న నన్ను వెంటబెట్టుకుని చేనికి నడిచి వెళ్ళారు. నాకు తెలిసి ఆయన అంతదూరం నడిచి ఒక కాపరి దగ్గరికి పోవడం అదే మొదలు. మంద ఎందుకు పెట్టావురా, గుట్ట నీకు దక్కలేదు గదా అని అడిగారు. ఇది ఎప్పుడో నోట రావలసిన మాటే, ఇన్నేళ్ళకు వచ్చింది.

అతను తడక ముడి బిగిస్తూ, తలెత్తకుండా, "మాట మీది. మంద నాది. నా దాంట్ల తప్పు రానియ్య" అన్నాడు.

దీన్ని మంచితనం అనుకోవడానికి లేదు. ఊళ్ళో చావడి దగ్గర అతను ఈ సంగతి అందరికీ వినిపించేవాడు. దొరలు గుట్ట ఇయ్యలేదు, నేను మంద పెట్టిన అని. మేం వద్దంటే ఎక్కడ ఆ బాకీ నుంచి బయటపడతామో అన్నట్టు, ఏటా ముందే వచ్చి పెట్టేవాడు. ఆ చేను మీద పండిన జొన్నతో చేసిన రొట్టె నాన్న ఆ ఏడాది తినలేదు. అమ్మ ఆయనకు వేరే చేని గింజలు తిరగలిలో విడిగా విసిరేది.

మరుసటి మృగశిరలో అతను వాకిట్లో కర్ర గుచ్చక ముందే నాన్న లేచి చెప్పులు తొడుక్కున్నారు. ఊరి పైన మాకు మొరం చెల్క ఒకటి ఉండేది. నువ్వులు, కందులు వేసేవాళ్ళం. ఆ ఏడు దాన్ని దున్నించలేదు. అతన్ని అక్కడికి తీసుకుపోయి, గట్టు మీద నిలబడి, "ఇటు తోలుకో" అన్నారు. దొర గడ్డి పండిస్తున్నాడని ఊరు నవ్వింది. నేనూ సిగ్గుపడ్డాను, అది దాచడమెందుకు. కానీ నాలుగైదు వానలకు ఆ చెల్క మీద గడ్డి దుప్పటిలా పరుచుకుంది. అతను దాన్ని రెండు సగాలు చేసుకున్నాడు. ఒక సగం మేపి, అది మళ్ళీ లేచేదాకా గొర్రెలను రెండో సగంలోనే ఉంచేవాడు. గట్ల మీది రేగు కంపలు ఎవరినీ కొట్టనిచ్చేవాడు కాదు. చెల్క ఎంత మందను మొయ్యగలదో అంతకే మందను పెంచి, పైవాటిని సంతకు తోలేవాడు. నాన్న సాయంత్రాలు అటు పోయి గట్టు మీద కూర్చునేవారు. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకునేవారు కాదు. వాగొడ్డు చేని జొన్నరొట్టె తినడం మాత్రం నాన్న మళ్ళీ మొదలుపెట్టారు.

నాన్న పోయారు. ఇంటి పెద్దరికం నాకు వచ్చింది. నేను చేసిన మొదటి పని ఎర్రగుట్ట మీద మా హక్కు తేల్చమని దావా వేయడం. చెల్క గట్టు మీద కూర్చుని నాన్న సరిపెట్టుకున్నది నాకు సరిపోలేదు. మా ముత్తాత మాట గుట్ట మీద నడిచేదని ఒక న్యాయమూర్తి నోట అనిపించాలి, అప్పుడు అతను వాకిట్లో కర్ర గుచ్చితే నేను తల ఎత్తుకుని తోలుకో అనాలి. నాగపూరు వకీలు మంచి దావా అన్నాడు. అది చాలా ఏళ్ళు నడిచింది, చివరికి పోయింది. దాని ఖర్చులకు మొదట అమ్మినది ఆ చెల్కనే. పంట రాని భూమి అదొక్కటే అనుకున్నాను. సున్నపురాయి తవ్వేవాళ్ళు కొన్నారు.

అతనికి నేనే చెప్పాను. కేసు గెలిచాక చెల్కేమిటి, గుట్ట మొత్తం నీదే, మేపుకో అన్నాను. అది మనస్ఫూర్తిగానే అన్నాను.

"అప్పటిదాంక గొర్లు వాయిదాలు మేస్తయా చిన్నదొరా?" అన్నాడు.

ఆ వానకాలం అతను మందలో చాలా భాగం అమ్మేసుకున్నాడు. పెనుగంగ వైపు చుట్టాల ఊళ్ళలోనూ అప్పటికి మంద పెట్టించుకునేవాళ్ళు తగ్గారు. సంచుల్లో మందు ఎరువులు వచ్చాయి. పుష్యం వచ్చింది. మిగిలిన కాసిని గొర్రెలతో వాగొడ్డు చేనికి వచ్చాడు. వాటికి తడకలు కూడా అవసరం లేదు, అయినా కట్టాడు. నేను చేనికి పోయి, ఈ ఏడు వద్దన్నాను. గుట్ట లేదు, చెల్క లేదు, నువ్వు నాకు ఇవ్వవలసింది ఏమీ లేదు అన్నాను. నా గొంతు నాకే బతిమాలుతున్నట్టు వినిపించింది.

"ఇస్తలేను. మీ మీద పెడుతున్న" అన్నాడు. "ఉండనియ్యుండ్రి."

గట్టిగా వద్దని ఉంటే ఆగేవాడేమో. నేను అనలేదు. చేనికి మంచిదే కదా అని కూడా ఒక మూల అనిపించింది. అంత చిన్న మందతో చేనంతా తిరగడానికి అతనికి మాఘం చివరి దాకా పట్టింది. రోజూ పొద్దున తడకలు ఒక పట్టీ జరిపేవాడు. ఒక మూల కూడా వదలలేదు. ఆఖరి రోజు తడకలు విప్పి మోపు కట్టుకుని, మా ఇంటి వైపు రాకుండా వాగు దాటి పోయాడు. ఆ తర్వాత నేను అతన్ని చూడలేదు. చూడకుండా ఉండే దారులే నడిచాను.

ఫాల్గుణంలో దావా ఖర్చులకు వాగొడ్డు చేను అమ్మాను. మంద పడ్డ చేనని కొన్నవాడు ఎకరానికి కొంత పైనే ఇచ్చాడు.